జహాజీ భాయ్: ఒకే ఓడ ఎక్కిన అపరిచితుల కథ

పోయిన ఎపిసోడ్‌లో 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్' గురించి మాట్లాడుకున్నాం కదా. 2003లో సోఫియా కొప్పోలా తీసిన సినిమా. టోక్యోలో ఒక పెద్ద హోటల్, నిద్రపట్టని ఇద్దరు అమెరికన్లు, ఇద్దరి మధ్య వయసులో తండ్రీకూతుళ్ళంత తేడా. ఊరు కాని ఊళ్ళో, భాష కాని భాషలో, ఒకరికొకరు తోడవుతారు. అంతే కథ. అది చూశాక ఒకాయన నన్ను అడిగారు: "మనవాళ్ళు ఇన్ని దేశాల్లో ఉన్నారు కదా, పరాయి దేశంలో ఎవరూ లేని ఇద్దరు ఒకరికొకరు తోడైన కథ మనకి ఒక్కటీ లేదా?"

ఉందండి. ఒకటి కాదు, వేలల్లో ఉన్నాయి. కాకపోతే ఎవరూ సినిమా తీయలేదు.

నేను రికార్డ్ చేసేది ఫిల్మ్ నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. ఇక్కడ ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా పక్కన ఎవరో ఒకరు కథ చెబుతుంటారు. ఆ కథల్లో ఫారిన్ అంటే పాట. హీరో హీరోయిన్లు ఇక్కడ గొడవపడతారు, మంచుకొండల్లో డాన్స్ చేస్తారు, మళ్ళీ ఇక్కడికొచ్చి గొడవ కంటిన్యూ చేస్తారు. పరాయి దేశంలో మనిషికి పట్టే దిగులు మీద కథ నడిపినవి తక్కువ. ఉన్నవాటిలో నాకు ఇష్టమైంది జంధ్యాల గారి 'పడమటి సంధ్యారాగం', 1987. విజయశాంతి తెలుగమ్మాయి, టామ్ జేన్ అనే అమెరికన్ కుర్రాడు పక్కింటి అబ్బాయి. ఆ కుర్రాడికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు, అదే మొదటి సినిమా. తర్వాత హాలీవుడ్‌లో థామస్ జేన్ పేరుతో 'ది పనిషర్', 'ది మిస్ట్' చేశాడు. 1987 అనే ఏడాదిని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికొస్తాను.

నాకు ఈ కథ పుస్తకాల్లో దొరకలేదు. సిడ్నీలో, రాత్రి రెండు గంటలకి, ఆఫీసు ప్యాంట్రీలో దొరికింది.

బీటెక్ అయ్యాక నేను నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. అందులో పద్నాలుగు నెలలు సిడ్నీలో ఆన్‌సైట్. ఆన్‌సైట్ అనగానే మా ఇంట్లో పండగ చేశారు. మాది విజయనగరం జిల్లా. వీధిలో అందరికీ మా అమ్మ స్వీట్లు పంచింది. అక్కడికెళ్ళాక తెలిసింది, నాది ప్రొడక్షన్ సపోర్ట్, నైట్ షిఫ్ట్, ఫ్లోర్ మొత్తానికి నేనొక్కడినే. పగలు నిద్ర, రాత్రి స్క్రీన్. రూమ్మేట్లు పగలు పనిచేసేవాళ్ళు కాబట్టి వాళ్ళని శని, ఆదివారాలే చూసేవాడిని. ఒకసారి వారమంతా ఎవరితోనూ తెలుగులో మాట్లాడలేదని గురువారం నాడు గమనించాను. ఫోన్లో అమ్మతో తప్ప. అమ్మతో మాట్లాడేది అబద్ధాలే కాబట్టి అవి లెక్కలోకి రావు.

ఆ బిల్డింగ్‌కి రాత్రి సెక్యూరిటీ గార్డు ఒకాయన ఉండేవారు. అరవై దాటి ఉంటాయి. చూస్తే మనవాడే, మాట్లాడితే హిందీలా ఉంటుంది కానీ హిందీ కాదు. మొదటిరోజు నన్ను అడిగిన ప్రశ్న: "తుమ్ మద్రాజీ హై?" నాకు చిర్రెత్తుకొచ్చింది. మద్రాసీ అనిపించుకోవడానికి ఆస్ట్రేలియా దాకా రావాలా అనుకున్నా. ఆయన నవ్వి, "నేనూ మద్రాజీనే" అన్నారు. ఫిజీలో పుట్టారట. ఫిజీలో దక్షిణాది వాళ్ళందరికీ అదే పేరు. తమిళం, తెలుగు, మలయాళం, ఏదైనా సరే, మద్రాసు రేవులో ఓడ ఎక్కితే మద్రాజీ.

ఆ తర్వాత రాత్రి రెండింటికి ఆయన రౌండ్ పూర్తయ్యే సమయానికి నేను టీ పెట్టేవాడిని. అలా ఏడాది. మొదట్లో మా ఇద్దరి మధ్యా మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆయనకి రగ్బీ, నాకు క్రికెట్. ఆయన భార్య పోయి మూడేళ్ళయింది, పిల్లలు వేరే ఊళ్ళలో. నాకు ఊరు గుర్తొస్తుంటుంది. ఇవి ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు. టీ తాగుతూ కూర్చునేవాళ్ళం, అంతే.

ఒకరోజు ఆయన వాళ్ళ ఆజీ గురించి చెప్పారు. ఆజీ అంటే నానమ్మ, ఆజా అంటే తాత. చిన్నప్పుడు ఆజీ తనతో ఏదో 'సొంత భాష'లో మాట్లాడేదట. ఆయనకి ఇప్పుడు గుర్తున్నవి రెండే రెండు మాటలు. ఒకటి బువ్వ. రెండోది, ఆజీ దేనికైనా అనే మాట, "ఏటి?"

మీలో ఉత్తరాంధ్ర వాళ్ళుంటే నాకేమైందో ఊహించగలరు. 'ఏమిటి' కాదు, 'ఏంటి' కాదు, 'ఏటి'. మా అమ్మ ఫోన్ ఎత్తగానే అనే మాట అది. సిడ్నీలో ఒక ఫిజీ మనిషి నోటినుంచి, వందేళ్ళు ప్రయాణం చేసి, యాస చెక్కుచెదరకుండా వచ్చింది. నేను అంకుల్‌తో అన్నాను: "మీ ఆజీది శ్రీకాకుళమో విజయనగరమో అయ్యుంటుంది." ఆయన తల అడ్డంగా ఊపారు. "కాదు, మేం ఒడిశా వాళ్ళం. కాగితం ఉంది."

ఆ కాగితం దగ్గరికి వెళ్ళేముందు, అసలు వీళ్ళు అక్కడికి ఎలా వెళ్ళారో చెప్పాలి.

బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దు అమల్లోకి వచ్చింది. చెరుకు తోటలకి మాత్రం మనుషులు కావాలి. అదే ఏడాది నవంబర్ 2న 'అట్లాస్' అనే ఓడ 36 మంది భారతీయ కూలీలతో మారిషస్ చేరింది. ఆ 36 మందితో మొదలైన వ్యవహారం తర్వాతి ఎనిమిది దశాబ్దాల్లో ఒక్క మారిషస్‌కే దాదాపు ఐదు లక్షల మందిని తీసుకెళ్ళింది. మనవాళ్ళు వెళ్ళిన రేవుల్లో ఒకటి కాకినాడ దగ్గరి కోరంగి. ఆ పేరే అక్కడ మన జాతి పేరైపోయింది. మారిషస్‌లో తెలుగువాళ్ళని కోరింగీలు అనేవారు, బర్మాలోనూ అదే మాట. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 దాకా అక్కడికి వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. ఇప్పటికీ అక్కడ ఇంటిపేరు అప్పలసామి అని ఉన్నవాళ్ళు కనిపిస్తారు. అప్పలస్వామి అంటే సింహాచలం అప్పన్న. విశాఖ, విజయనగరం జిల్లాల్లో వీధికొక అప్పలస్వామి ఉంటాడు, మా మామయ్య పేరు కూడా అదే. రికార్డులో తండ్రి పేరు రాస్తే అది ముందు తరాలకి ఇంటిపేరై కూర్చుంది.

ఫిజీ ఈ వరసలో చివర్లో చేరింది. 1879 మే 14న మొదటి ఓడ 'లియోనిడాస్' కలకత్తా నుంచి అక్కడికి చేరింది. మద్రాసు నుంచి పంపడం 1903లో మొదలైంది. 1916లో ఆగేసరికి 87 ఓడ ప్రయాణాలు, 60,000 పైచిలుకు మనుషులు. అందులో దాదాపు నాలుగో వంతు మద్రాసు రేవు వాళ్ళు. (వీడియోలో ఇక్కడ మ్యాప్ పెట్టాను. చదివేవాళ్ళు ఆస్ట్రేలియాకి తూర్పున పసిఫిక్ సముద్రంలో కొన్ని చుక్కలు ఊహించుకోండి.)

అయిదేళ్ళ అగ్రిమెంట్. మనవాళ్ళ నోట్లో అగ్రిమెంట్ 'గిర్మిట్' అయింది, సంతకం పెట్టినవాడు, అంటే వేలిముద్ర వేసినవాడు, గిర్మిటియా. మగవాడికి రోజుకి ఒక షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు, అదీ ఆ రోజు అప్పగించిన పని మొత్తం పూర్తిచేస్తేనే. నేను అగ్రిమెంట్ అనే మాట వినగానే నా ఆన్‌సైట్ లెటర్ గుర్తుచేసుకున్నా. అందులోనూ మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలని ఒక క్లాజ్ ఉంది. కానీ పోలిక అక్కడితో ఆపేయాలి. నేను పని ఎగ్గొడితే మేనేజర్ మెయిల్ పెడతాడు. గిర్మిటియా పని ఎగ్గొడితే అది నేరం. కోర్టు, జరిమానా, జైలు.

సరే, ఇప్పుడు ఓడ.

రిక్రూటర్ తీసుకొచ్చినవాళ్ళని మద్రాసు డిపోలో ఉంచేవారు. డాక్టర్ పరీక్ష, తర్వాత మెడలో నంబరు బిళ్ళ, ఒక దుప్పటి, ఒక రేకు పళ్ళెం. గుమాస్తా ఒక కాగితం నింపుతాడు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. కరువుకి వచ్చినవాళ్ళు, అప్పులకి వచ్చినవాళ్ళు, ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్ళు, మొగుడు పోయి ఇంట్లో చోటులేని ఆడవాళ్ళు, ఎక్కడికి వెళ్తున్నామో సరిగ్గా తెలియక వచ్చినవాళ్ళు. కుటుంబాలుగా వచ్చినవాళ్ళు తక్కువ. ఎక్కువమంది ఒంటరిగా వచ్చారు.

ఓడ ఎక్కాక మొదట పోయేది పంక్తి. ఊళ్ళో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, ఎవరు వండింది ఎవరు తినాలో తరాలుగా ఖాయమై ఉన్న మనుషులు. ఇక్కడ అందరికీ ఒకే వంటశాల. సముద్రం పొంగితే అందరికీ ఒకే వాంతులు. మా అంకుల్ మాటల్లో చెప్పాలంటే, "పక్కవాడి కులం అడిగేలోపే వాడు నీ మీద వాంతి చేసుకుంటాడు." వాళ్ళ ఆజా చెప్పిన మాటేనట అది. తెరచాప ఓడలకి కలకత్తా నుంచి ఫిజీకి రెండు నెలల పైనే పట్టేది, ఆవిరి ఓడలకి సుమారు నెల. నెల చాలు.

ఆ నెలలో పుట్టిన మాటే జహాజీ. జహాజ్ అంటే ఓడ. ఒకే ఓడలో వచ్చినవాడు జహాజీ భాయ్. ఫిజీలో, మారిషస్‌లో, కరీబియన్ దీవుల్లో కూడా ఈ బంధం ఉంది. సురినామ్ వైపు ఇంకో అడుగు ముందుకెళ్ళి, ఒకే డిపోలో ఎదురుచూసినవాళ్ళని కూడా చుట్టాలుగా లెక్కపెట్టారు. ఇది స్నేహం కాదండి. స్నేహమైతే నచ్చినవాడితో చేస్తాం. జహాజీని ఎవరూ ఎంచుకోలేదు. వాడు నీ పక్కన పడుకున్నాడు, అంతే. కానీ దానికి రక్తసంబంధం హోదా ఇచ్చేశారు. జహాజీ భార్య వదిన, జహాజీ పిల్లలు నీ పిల్లలు. చాలాచోట్ల ఇద్దరు జహాజీల పిల్లలకి పెళ్ళి కూడా చేసేవారు కాదు, అన్నాచెల్లెళ్ళ వరస అవుతుందని. కులాలు, మతాలు వేరైనా సరే.

మన భాషలో 'తోబుట్టువు' అంటాం. తోడ పుట్టినవాడు. జహాజీ తోడ పుట్టినవాడు కాదు, తోడ ఎక్కినవాడు. అన్న, వదిన, మేనమామ, అందరినీ రేవులో వదిలేసి వచ్చిన మనిషికి వరసలు లేకుండా బతకడం రాదు. మనకి ఎవరు ఎదురైనా ముందు వరస కలపాలి కదా, బస్సులో పక్క సీటు ఆయన్ని కూడా అన్నా అంటాం. అక్కడ కలపడానికి ఎవరూ లేకపోతే, దొరికినవాడితోనే మొదటి వరస మొదలుపెట్టారు.

ఫిజీలో దిగాక సువా పక్కనున్న నుకులావు అనే చిన్న దీవిలో కొన్నాళ్ళు ఉంచేవారు. తర్వాత ఏ తోటకి ఎవరో పంచేవారు. ఇక్కడే జహాజీలు విడిపోయేది. అదృష్టం బాగుంటే ఒకే తోట. తోటలో ఉండేవి లైన్లు అనే పొడవాటి రేకుల షెడ్లు. గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. పెళ్ళికాని మగవాళ్ళు ముగ్గురికి ఒక గది, లేదా ఒక కుటుంబానికి. గదికీ గదికీ మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు. ఒకరి దగ్గు లైనంతా వినిపిస్తుంది. వంట కూడా లోపలే.

అంకుల్ వాళ్ళ ఆజా గదిలో ఇంకో ఇద్దరు. అందులో ఒకాయన అదే ఓడలో వచ్చిన మలబారు ముస్లిం. ఆజాకి తెలుగు తప్ప రాదు, ఆయనకి మలయాళం తప్ప రాదు. మేస్త్రీలు, అంటే సర్దార్లు, మాట్లాడేది హిందుస్తానీ. తెల్ల ఓవర్‌సీయర్ మాట్లాడేది కూడా విరిగిన హిందుస్తానీయే. వాడిని కూలీలు 'కులంబర్' అనేవారు. పొద్దున్నే 'కాల్ నంబర్' అంటూ హాజరు పిలిచేవాడు కాబట్టి ఆ పేరొచ్చిందని చెబుతారు. దక్షిణాది వాళ్ళకి ఇది రెండింతల ఒంటరితనం. ఉత్తరాది కూలీకి దేశం మాత్రమే పరాయిది, మద్రాజీకి పక్కనున్న భారతీయుడు కూడా పరాయివాడే. ఆజా, ఆ మలబారు ఆయన, ఇద్దరూ హిందుస్తానీ నేర్చుకున్నది సర్దార్ తిట్లలోంచి. ముందు తిట్లు వచ్చాయి, తర్వాత మాటలు. కాబట్టి ఇద్దరూ ప్రేమగా మాట్లాడుకున్నా వినేవాళ్ళకి కొట్టుకుంటున్నట్టు ఉండేదట. ముసలితనం దాకా అంతే.

అంకుల్ ఫోన్లో ఒక ఫోటో ఉంది. పాత ఫోటోకి తీసిన ఫోటో. రెండు కుర్చీల్లో ఇద్దరు ముసలివాళ్ళు, ఒకాయనకి టోపీ, ఒకాయనకి తలపాగా. ఇద్దరూ కెమెరా వైపు కాకుండా చెరో పక్కకి చూస్తున్నారు. ఆ రెండు కుటుంబాలు ఇప్పటికీ ఒకరి పెళ్ళిళ్ళకి ఒకరు వెళ్తారు. సిడ్నీలో అంకుల్ భార్య పోయినప్పుడు మొదట వచ్చి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది ఆ మలబారు ఆయన మనవరాలు.

ఇదంతా విని మీకు మనసు కరిగిపోతే కొంచెం ఆగండి. నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత చదివితే ఇంకో వైపు కనిపించింది. ప్రతి 100 మంది మగవాళ్ళకి 40 మంది ఆడవాళ్ళు ఉండాలని రూలు. అంటే పక్కా లెక్కతో అరవైమందిని తోడులేకుండా పంపారన్నమాట. ఆ లైన్లలో ఆడవాళ్ళ మీద జరిగిన హింస, అసూయతో జరిగిన హత్యలు, ఇవీ జహాజీలున్న లైన్లలోనే జరిగాయి. ఉరేసుకున్నవాళ్ళు చాలామంది. గాంధీ మిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్ 1915లో ఫిజీ వెళ్ళి చూసి వచ్చి రాసిన నివేదికలో ఆత్మహత్యల గురించి ప్రత్యేకంగా రాశారు. గిర్మిటియాలు ఆ లైన్లకి పెట్టుకున్న పేరు 'నరక్'. తోడు దొరికినవాళ్ళ కథలే మనవళ్ళ దాకా వచ్చాయి. దొరకనివాళ్ళకి మనవళ్ళు లేరు. అందుకే జహాజీ కథలు వినేటప్పుడు నాకు ఆ గదిలో మూడో మనిషి గుర్తొస్తాడు. ఆజా గదిలో ముగ్గురని చెప్పాను కదా. ఆ మూడో ఆయన పేరు అంకుల్‌కి తెలియదు. ఏమయ్యాడో కూడా తెలియదు.

ఆండ్రూస్ నివేదిక, దేశంలో లేచిన ఆందోళన, యుద్ధం, అన్నీ కలిసి ఈ పద్ధతి ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిర్మిట్లన్నీ రద్దు చేశారు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, నాకు బాగా ఇబ్బంది కలిగించిన భాగం ఇదే. లైన్లలోంచి బయటపడి సొంతంగా చెరుకు వేసుకోవడం మొదలుపెట్టాక మెల్లగా పాత గీతలు మళ్ళీ కనిపించాయి. ఉత్తరాది, దక్షిణాది. 1926లో నాందీ అనే ఊళ్ళో దక్షిణాది వాళ్ళు తమ భాషలు, బళ్ళు, గుళ్ళ కోసం సంగం పెట్టుకున్నారు. అందులో తమిళానికే పెద్దపీట అని మనవాళ్ళకి అనిపించింది. 1941లో తెలుగువాళ్ళు విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. మనకి ఇది కొత్తేమీ కాదు కదా, మద్రాసు మనదా కాదా అని ఇక్కడ కొట్టుకుంటున్న రోజులే అవి. సంఘాలు తప్పని నేను అనను. ఆ సంగాలు లేకపోతే అక్కడ బడి లేదు, భాష లేదు. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకోబట్టే అక్కడ తెలుగు ఆ మాత్రం నిలిచింది. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవురోజు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి, సింహాద్రి అప్పన్న పూజలు అక్కడ ఇప్పటికీ చేస్తారు. కానీ నాకు అనిపించేదేంటంటే, భాషే లేని రోజుల్లో పక్కవాడిని తమ్ముడనుకున్న మనుషులు, భాష కాపాడుకునే స్థోమత వచ్చాక వేరువేరు హాళ్ళలో కూర్చున్నారు. ఒంటరితనం తగ్గినకొద్దీ ఎంచుకునే వీలు పెరిగింది. నేనూ హైదరాబాద్ తిరిగొచ్చాక అలాగే చేశా. ఇక్కడ అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ ఆయనతో ఏడాదిగా నేను మాట్లాడింది పార్సిల్ గురించే.

ఇప్పుడు 1987 దగ్గరికొద్దాం. ఆ ఏడాది మే 14న ఫిజీలో సైనిక కుట్ర జరిగింది. లెఫ్టినెంట్ కల్నల్ రబుకా పార్లమెంటులోకి సైనికులతో వచ్చి, భారతీయ సంతతి మంత్రులు ఎక్కువగా ఉన్న కొత్త ప్రభుత్వాన్ని కూల్చేశాడు. తేదీ చూశారా? లియోనిడాస్ చేరింది 1879 మే 14న. రోజు లెక్కన సరిగ్గా 108 ఏళ్ళు. ఆ తర్వాత వేలమంది ఫిజీ భారతీయులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకి వెళ్ళిపోయారు. అప్పటికి అంకుల్ కుర్రాడు. ఇక్కడ మన థియేటర్లలో 'పడమటి సంధ్యారాగం' వచ్చిన ఏడాదే, ఆయన రెండు సూట్‌కేసులతో సిడ్నీలో దిగారు. "ఈసారి ఓడ కాదు, విమానం. పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో కూడా గుర్తులేదు" అన్నారు.

ఇంకొక్క విషయం. ఫిజీలో చెరుకు మిల్లుల్లో ఎక్కువ భాగం నడిపిన కంపెనీ కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. 1882లో అక్కడ మొదటి మిల్లు మొదలుపెట్టి 1973 దాకా ఉంది. దాని హెడ్డాఫీసు ఎక్కడో తెలుసా? సిడ్నీ. ఆజా నరికిన చెరుకు డబ్బు వచ్చి చేరిన ఊళ్ళోనే ఆయన మనవడు రాత్రిపూట ఆఫీసులకి తాళాలు చూస్తున్నారు. నేను ఇది గూగుల్‌లో చూసి ఏదో పెద్ద విషయం కనిపెట్టినట్టు చెప్పబోయాను. ఆయనకి ఎప్పుడో తెలుసు.

సరే, కాగితం. ఒకరోజు జిప్‌లాక్ కవర్లో పెట్టి తెచ్చారు. ఆజా ఎమిగ్రేషన్ పాస్‌కి జిరాక్స్. జిల్లా దగ్గర 'గంజాం' అని ఉంది. అది చూసే ఆయన పిల్లలు ఇంటర్నెట్‌లో వెతికి, గంజాం ఒడిశాలో ఉంది కాబట్టి మనం ఒడియావాళ్ళం అని తేల్చేశారు. ఇంట్లో ఒకరు ఒడియా పాటలు కూడా నేర్చుకుంటున్నారట. నేను కింద తాలూకా చూశాను. 'చికాకోల్'.

చికాకోల్ అంటే శ్రీకాకుళం. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అలా అయింది. అప్పట్లో శ్రీకాకుళం తాలూకా మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్ళింది, శ్రీకాకుళం వైపు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం సొంతంగా జిల్లా అయింది. అంటే ఆజా వెళ్ళిపోయాక ఆయన జిల్లా ఆయన ఊరిని వదిలేసి పక్క రాష్ట్రానికి వెళ్ళిపోయింది. ఇదంతా నేను పేపర్ నాప్‌కిన్ మీద గీసి చూపించాను. అంకుల్ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే 'ఏటి' మీదేనా?" అన్నారు. మీదే అన్నాను.

ఊరి పేరు దగ్గర జిరాక్స్‌లో మడత పడింది. ముందు అక్షరాలు పోయాయి. మిగిలింది చివరి ముక్క ఒక్కటే: 'వలస'. మా వైపు ఊళ్ళ పేర్లు అలా ముగియడం మామూలే, కొత్తవలస లాంటివి బోలెడు. నాకు చిన్నప్పటినుంచీ అది పల్లి, పేట, పాడు లాంటి తోక మాత్రమే. అంకుల్ అడిగారు, "వలస అంటే అర్థం ఏమిటి?" చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు మొదటిసారి ఆ మాట నాకు వినిపించింది.

ప్రాజెక్ట్ అయిపోయి వచ్చేశాను. కొన్నాళ్ళకి ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాను. ఈ కథని జూబ్లీహిల్స్‌లో ఒక ఆఫీసులో చెప్పాను కూడా. పది నిమిషాలు శ్రద్ధగా విన్నారు. ఓడ సీన్ బాగుందన్నారు, ఆ ముస్లిం పాత్ర బదులు హీరోయిన్‌ని పెడితే ఎలా ఉంటుందన్నారు. నేను టీ తాగి వచ్చేశాను. వాళ్ళ తప్పు కూడా కాదులెండి. 7 అడుగుల గదిలో ముగ్గురు మగాళ్ళు, పాట ఎక్కడ పెడతారు? ఆ ఆఫీసు నుంచి కిందికి దిగి కృష్ణానగర్ వైపు వెళ్తే మాత్రం అలాంటి గదులు ఇప్పటికీ ఉన్నాయి. ఒకడు శ్రీకాకుళం, ఒకడు ఆదిలాబాద్, ఒకడు అనంతపురం. ఒకడికి ఛాన్స్ వస్తే మిగతా ఇద్దరి అద్దె కూడా వాడే కడతాడు. వాళ్ళలో ఇద్దరు ఈ ఎపిసోడ్‌కి కెమెరా, లైటింగ్ చేశారు.

అంకుల్ ఇప్పుడు రిటైరయ్యారు. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పంపుతారు, మా అమ్మ పంపేవాటిలాంటివే, పూలబొమ్మలతో. పోయిన నెల అసలు పాస్ సువాలోని రికార్డుల్లోంచి తెప్పించడానికి అప్లై చేశానని రాశారు. మడత లేని కాగితం వస్తుందేమో. ఈలోపు నేను పాత చికాకోల్ తాలూకా పరిధిలో 'వలస'తో ముగిసే ఊళ్ళ లిస్టు రాస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా నుంచి చూస్తున్నవాళ్ళు మీ చుట్టుపక్కల అలాంటి ఊళ్ళుంటే, ముఖ్యంగా మరీ చిన్నవి, మ్యాపుల్లో కనపడనివి, నాకు పంపండి. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు బైక్ మీద తిరుగుదామనుకుంటున్నా. ప్రతి ఊళ్ళో రచ్చబండ దగ్గర ఒక ఫోటో తీసి పంపమన్నారు అంకుల్. ఏ ఊరైనా పర్వాలేదన్నారు.